మూలవాసులందరూ లైన్లో రావాలి

గోదావరి నీళ్లు ధర్మసాగర్ చేరాలంటే ఏ కాగితమూ చూపించనక్కర్లేదు. ఏటూరునాగారం దగ్గర గంగారంలో దేవాదుల పంపులు ఎత్తిపోస్తే చాలు, అడవినీ గుట్టల్నీ దాటి, భీంఘన్‌పూర్ మీదుగా పైపుల్లో వచ్చి చెరువులో దూకుతాయి. "నువ్వు 2005 డిసెంబరు 13కు ముందునుంచీ ఇక్కడే పారుతున్నావా, సాక్ష్యమేది?" అని వాటిని నిలదీసిన అధికారి లేడు.

ఆ ప్రశ్నను ఆ నీళ్లు బయల్దేరే చోట పోడు కొట్టుకుని బతికే కోయ రైతు కోసం దాచి ఉంచారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే ఆ తేదీకి ముందే భూమి సాగులో ఉండాలి, అదీ నాలుగు హెక్టార్లు మించకుండా. తాత నరికిన పోడు, తండ్రి దున్నిన చేను అంటే కొన్నిచోట్ల సరిపోదు. ఉపగ్రహ చిత్రంలో కనిపించాలంటారు. అడవిలో పుట్టినవాడు సాక్షిని ఆకాశం నుంచి పిలిపించుకోవాలన్నమాట!

పరాయి వేదిక మీద మాత్రం మన చెయ్యి ధారాళం. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితిలో మూలవాసుల హక్కుల ప్రకటన ఓటుకొస్తే 144 దేశాలు సై అన్నాయి, మనతో సహా. కాకపోతే ఓటేస్తూనే ఓ మెలిక పెట్టాం: స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న భారతీయులంతా, వాళ్ల సంతతితో సహా, మూలవాసులేనట. దెబ్బకు పేచీ తీరిపోయింది. ధర్మసాగర్ పక్కన ప్లాట్లు కొట్టే రియల్టరూ మూలవాసే, ఏజెన్సీలో బినామీ పేరుతో పొలం కొన్న షావుకారూ మూలవాసే. అందరం ఒకటే అయినప్పుడు కోయలకు ప్రత్యేకంగా రాసివ్వాల్సిందేముంది? రుజువులు మాత్రం వాళ్లే తేవాలి.

ఆ రోజు వద్దన్నవి నాలుగే దేశాలు: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. నాలుగూ బాగా అభివృద్ధి చెందినవే. ఎవరి నేల మీద అభివృద్ధి చెందాయో వాళ్ల ఊసు వచ్చేసరికి చెయ్యి లేవలేదు. 2009, 2010లలో ఒక్కొక్కటిగా మెత్తబడ్డాయి. ఆస్ట్రేలియా అయితే, తెల్లవాళ్లు దిగేనాటికి ఆ ఖండం ఎవరిదీ కాదన్న సూత్రంతో 1992 దాకా నెట్టుకొచ్చింది. మాబో కేసులో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది.

నార్వే కథ ఇంకా పసందు. ఆదివాసుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒప్పందాన్ని 1990లో అందరికంటే ముందు తలకెత్తుకున్న దేశమది. ఫోసెన్‌లో గాలిమరలకిచ్చిన అనుమతులు, రెయిన్‌డీర్ మేపుకునే అక్కడి ఆదివాసులైన సామీల సాంస్కృతిక హక్కుకు భంగమని 2021లో దాని సుప్రీంకోర్టే తేల్చింది. మరలు ఆగలేదు. 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వశాఖ గుమ్మం ముందు బైఠాయించాల్సి వచ్చింది. అభివృద్ధి చెందిన దేశానికీ చెందుతున్న దేశానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది: అక్కడ తీర్పొచ్చినా మరలు తిరుగుతాయి, ఇక్కడ చట్టమొచ్చినా మనిషి తిరుగుతాడు, ఎమ్మార్వో ఆఫీసు నుంచి రేంజర్ ఆఫీసుకు.

చట్టాలకు మనకేం కరువు? ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. సర్కారు కూడా ఆ చట్టం దృష్టిలో ఒక వ్యక్తేనని, ప్రైవేటు గనుల కంపెనీలకు లీజులివ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక తెలంగాణలో పట్టాల పండగ 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైంది. నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు, లక్షన్నర మందికి. మంచి పనే, కాదనలేం. శాసనసభ ఎన్నికలకు సరిగ్గా ఐదు నెలల ముందు కావడం ముహూర్తబలం అనుకోవాలి.

ఆ పండగలో పేరు రానివాళ్లకు చెప్పాల్సిన మాటొకటుంది. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెడితే అదీ ఆధారమేనని అటవీ హక్కుల చట్టం 2008 నియమాల్లో 13వ నియమం చెబుతోంది. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 సవరణ చెబుతోంది. అర్జీ కొట్టేస్తే కారణం రాసిమ్మని అడగండి. అప్పీలుకు గడువు 60 రోజులు.