మనోడి కారు

(కొడవలూరు సెంటర్లో టీ అంగడి. తెల్లారి ఆరున్నర. బల్ల మీద ముగ్గురు: కొడుకుని డల్లాస్‌కి చదువుకు పంపిన అమెరికా నాన్న, సంతల్లో ముప్ఫై ఏళ్లు తిరిగిన బర్రెల దళారి, రిటైరైన ఎకనామిక్స్ మాస్టారు. అమెరికా నాన్న ఫోను అందరి ముక్కుల ముందూ తిరుగుతోంది.)

అమెరికా నాన్న: చూడబ్బా, మావాడు కారు కొన్నాడు. పోయి మూడు నెలలు కాలా. క్యామ్రీ! 2016 మోడలు.

దళారి: ఈడుండంగా సైకిలు గూడా తొక్కలేదు గదన్నా!

అమెరికా నాన్న: ఆడ కారు లేకుంటే కాళ్లు లేనట్టే. పాల కోసం పోవాలన్నా మూడు మైళ్లంట. తొమ్మిది వేల డాలర్లు, మొత్తం రొక్కం.

మాస్టారు: బ్యాంకు అప్పివ్వలేదా?

అమెరికా నాన్న: ఈడ ఆరెకరాల మాగాణి ఉండి ఏం లాభం మాస్టారూ? ఆ బ్యాంకు లెక్కలో వాడింకా పుట్టనే లేదంట. అప్పు తీర్చే బుద్ధికి 300 నుంచి 850 దాకా మార్కులేస్తారంట. ఇంటర్లో 980 వచ్చినోడికి ఆడ సున్నా గూడా వెయ్యలా, ఖాళీగా వదిలేసినారు.

దళారి: అది సరే, బండిని చూసిందెవరు?

అమెరికా నాన్న: చూసేదేముంది? అమ్మినోడు మనోడే.

దళారి: మనోడంటే?

అమెరికా నాన్న: తెలుగోడు! పాత కార్ల దుకాణం పెట్టుండాడు. నాతో గూడా ఫోన్లో మాట్లాడినాడు. "బాబాయ్, తమ్ముడికి నేనుండా గదా" అన్నాడబ్బా. నా కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

దళారి: అన్నా, పోయినేడు నా దగ్గిర బర్రెని కొన్నావే, అప్పుడేం చేసినావు? రెండు పూటలా నీ ఎదురుగా పాలు పిండించుకున్నావు. ముందు పూట పిండకుండా పొదుగు నింపి చూపిస్తానేమోనని, రాత్రే వచ్చి మా కొట్టంలో పడుకున్నావు. నోరు తెరిచి పళ్లు లెక్కబెట్టినావు. సుడులు చూసినావు. మనది ముప్ఫై ఏళ్ల సావాసం!

అమెరికా నాన్న: నువ్వు దళారివి గదబ్బా.

దళారి: మరి ఆయన?

అమెరికా నాన్న: మనోడు.

మాస్టారు: కొనేముందు మెకానిక్కుకైనా చూపించాల్సింది.

అమెరికా నాన్న: దానికో నూటయాభై డాలర్లంట. డబ్బుల సంగతి కాదు. మనోణ్ణి అనుమానించినట్టుంటదని మావాడికి మొగమాటం.

దళారి: మొగమాటానికి పోతే ఏమైందో ఒక సామెతుంది. మాస్టారుండాడని ఆపుతుండా.

మాస్టారు: 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆయన పాత కార్ల మీదే ఒక వ్యాసం రాశాడు. బండి గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు భయపడి నడిమి ధర చెబుతాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంటికి తోలుకుపోతాడు. పోనుపోను సంతలో డొక్కులే మిగులుతాయి. ఆ ఆలోచనే ఆయనకి 2001లో నోబెల్ తెచ్చింది.

దళారి: ఇంతేనా! మా సంతలో ఎవర్నడిగినా చెప్పుందురే.

మాస్టారు: మొదట మూడు పత్రికలు తిప్పి పంపాయి. రెండైతే, ఇంత చిన్న విషయం మేం వెయ్యమన్నాయి.

దళారి: వాళ్లు మా సంత చూసినోళ్లే అయ్యుంటారు.

మాస్టారు: అమెరికాలో డొక్కు బండిని నిమ్మకాయ అంటారు. ఆ వ్యాసం పేరు గూడా 'నిమ్మకాయల మార్కెట్టు'. నిమ్మకాయ చట్టం కూడా ఉంది, కానీ అది ముఖ్యంగా కొత్త బండ్లకి.

అమెరికా నాన్న: నిమ్మకాయల సంగతి గూడూరోళ్లకి చెప్పమను. మనోడు నిజాయితీపరుడు మాస్టారూ. కారు అద్దానికే కాగితం అంటించుండాడు, 'యాజ్ ఈజ్' అని. ఉన్నదున్నట్టు చెప్తాడన్నమాట!

మాస్టారు: ఉన్నదున్నట్టు తీసుకుపో, రేపు చెడితే నా దగ్గిరికి రావొద్దని దానర్థం. ఆ కాగితం ఆయన మంచితనం కాదు. పాత కార్ల వ్యాపారులు వారంటీ ఉందో లేదో రాసి అంటించాలని 1985 నుంచి అక్కడ రూలు.

దళారి: లోపల వాసనెట్టుందంట?

అమెరికా నాన్న: గుమగుమలాడతా ఉందంట! మూడు సెంటు డబ్బీలు వేలాడదీసుండాడు. కింద కార్పెట్టు గూడా కొత్తది, ఊరికే వేసిచ్చినాడు.

దళారి: తొమ్మిదేళ్ల బండికి కొత్త కార్పెట్టా! సీటు బెల్టుని కొసదాకా లాగి చూడమను, బురద చార ఉంటది. స్టెపినీ కింద తడమమను, ఒండ్రు తగుల్తది. 2015లో చెన్నై మునిగినాక ఇట్టాంటి కార్లు ఎన్ని చూళ్లా!

మాస్టారు: 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్ని ముంచేసింది. లక్షల బండ్లు నీళ్లు తాగాయి. హ్యూస్టన్ నుంచి డల్లాస్‌కి నాలుగు గంటల దారి.

అమెరికా నాన్న: టైటిలు, అదే మన ఆర్‌సీ, శుభ్రంగా ఉంది మాస్టారూ! కాకపోతే వేరే రాష్ట్రంలో పుట్టింది.

మాస్టారు: మునిగిన బండని ముద్ర పడితే, రూళ్లు వేరుగా ఉండే రాష్ట్రానికి తోలుకెళ్లి, ముద్ర లేని కాగితం పుట్టిస్తారు. దాన్ని టైటిలు ఉతకడం అంటారు.

దళారి: కారుని కడిగి, కాగితాన్ని ఉతికి, నీ కొడుకు మీద ఆరేసినారు! నీళ్లలో బర్రెని బేరమాడినట్టని మనం అంటాం. మీవాడు నీళ్లు తాగి లేచిన బర్రెని బేరమాడినాడు. ఆ రోజు తిరిగిన నీళ్లు నీ కళ్లలోయి కాదన్నా, కారులోయి.

అమెరికా నాన్న: సర్కారోళ్లు చూడరా?

మాస్టారు: టెక్సాస్‌లో సొంత కార్లకి బ్రేకులు, లైట్లు చూసే తనిఖీ 2025 జనవరి నుంచి ఎత్తేశారు. డల్లాస్ లాంటి చోట్ల పొగ మాత్రం చూస్తారు.

దళారి: పొగ చూస్తారు, నీళ్లు చూడరు.

మాస్టారు: ప్రతి బండికీ 17 అక్షరాల నంబరుంటుంది. బీమా కంపెనీల సంఘం వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే, ముంపు బండని బీమావాళ్లు రాసుకుని ఉంటే ఊరికే చెబుతుంది. రెండు నిమిషాల పని.

అమెరికా నాన్న: ఎందుకు మాస్టారూ, మనోణ్ణే అడిగితే పాయె! వారం నుంచి ఫోనెత్తడంలా. పాపం, ఎంత పనిలో ఉండాడో.

(అందరూ టీ గుటక వేస్తారు. ఎవరూ మాట్లాడరు.)

అమెరికా నాన్న: ఏదేమైనా నేను శాస్త్రం తప్పలా. మన పంతులు వీడియో కాల్లో మంత్రాలు చదివినాడు. నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించి తొక్కించినా.

దళారి: నాలుగు కాదన్నా, అయిదు. అయిదోదాంట్లో మీవాడు కూర్చోనుండాడు.