పరిగెత్తండి, ప్రణాళిక అమల్లో ఉంది

మా విజయనగరంలో గ్యాస్ బావుల్లేవు. అయినా కోనసీమ పుణ్యమా అని విపత్తు నిర్వహణ శాస్త్రం మాకూ కొంత వంటబట్టింది.

ఈ శాస్త్రానికి పరాకాష్ఠ మాక్ డ్రిల్. తేదీ వారం ముందే చెబుతారు. సరిగ్గా పదింటికి సైరన్. గేటు దగ్గర అంబులెన్సు ఇంజను ఆపకుండా సిద్ధం. స్ట్రెచర్ మీద క్షతగాత్రుడు నవ్వాపుకోలేక చస్తుంటాడు. గాలి కూడా ఆ పూటకి మ్యాపులో గీసిన బాణం వైపే వీస్తుంది. పదకొండున్నరకి ఇడ్లీ, గ్రూపు ఫొటో, ‘విజయవంతం’.

అసలు పరీక్ష 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో వచ్చింది. ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుటై దాదాపు 65 రోజులు మండింది. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు రావాల్సొచ్చింది. మార్చి 15కి గానీ అణగలేదు. తర్వాత 31 ఏళ్లు ఊరుకున్నారా? లేదు, పాఠాలు నేర్చుకున్నారు. 2026 జనవరి 5న అదే కోనసీమలో ఇరుసుమండ దగ్గర, పాత బావికి ఓ ప్రైవేటు సంస్థ మరమ్మతు చేస్తుండగా మళ్లీ మంట. ఈసారి అయిదు రోజులే. రెండుసార్లూ భోగికి కొద్ది రోజుల ముందే! ఈ బావులకి పండగంటే ఎంత తొందరో.

బావికి మూడంచెల రక్షణ ఉంది. లోపల్నుంచి తన్నుకొచ్చే గ్యాసుని బరువైన డ్రిల్లింగ్ మడ్ అదిమిపెట్టాలి. అది ఓడితే బావి నోటి దగ్గర బ్లోఅవుట్ ప్రివెంటర్ మూసుకోవాలి. అదీ మొరాయిస్తే మూడో అంచె: ఊరి జనం. పిల్లల్ని చంకనెత్తుకుని, గేదెల పలుపులు తెంపి, ముసలాళ్లని బండెక్కించి పరుగు. ఇంతవరకూ ఏ బావి దగ్గరా ఫెయిలవని పరికరం ఇదొక్కటే. దీనికి టెండరూ లేదు, జీతమూ లేదు. వెనక నుంచి మైకు మాత్రం ఉంటుంది: పొయ్యి వెలిగించొద్దు, లైటు వెయ్యొద్దు, ఆందోళన చెందొద్దు.

కాలువదీ ఇలాంటి వెట్టిచాకిరీయే. బావి చుట్టూ నీటి గొడుగు పట్టాలంటే పంపులు పెట్టేది పక్క పంట కాలువలోనే. చమురు తెట్టు కడుక్కుని ఆ నీరు మళ్లీ దిగేదీ అందులోకే. ఆ నీరు పారే చేనుకి పరిహారమెంతో ఏ మాక్ డ్రిల్‌లోనూ లెక్కకట్టరు.

హెచ్చరిక సంగతంటారా? కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపు వాసనొస్తోందని జనం మొత్తుకుంటూనే ఉన్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అది పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. మన పక్క విశాఖలో, 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకైన రాత్రి, సైరన్ మోగించడానికి 36 మీటలున్నాయి. ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వ కమిటీయే రాసింది. ప్రెస్‌నోట్లు మాత్రం మా ఊరి గిరీశం రాసినంత దిలాసాగా ఉంటాయి.

అందుకని కలెక్టరు గార్లకో మనవి. ఈసారి మాక్ డ్రిల్ ఎవరికీ చెప్పకుండా పెట్టండి. ప్లాంటు గేటు లోపల కాదు, బావి పక్క కాలనీలో, రాత్రి మూడింటికి. ఇడ్లీలు మేం పెడతాం.