దోస్తు చేతికి పద్దుల పుస్తకం

హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఎన్నికల ఫలితం కోసం ఎవరూ టీవీ ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోరు. 1999 నుంచి అక్కడ మజ్లిస్ నేత అక్బరుద్దీన్ ఒవైసీ గెలుస్తూనే ఉన్నారు. 2018లో మెజారిటీ 80 వేలు దాటింది. ఓటరు పని అంతటితో సరి. అసలు తిప్పలు గెలిచినాయనకే. ముందు దేని సంగతి చూడాలి? మూసీయా, మెట్రోనా, గల్లీలో పొంగే మ్యాన్‌హోలా? ఈ ఆలోచన తెమిలేలోపే సర్కారు పిలిచి మరీ ఓ కుర్చీ వేసింది.

ఆ కుర్చీ లెక్క వినదగ్గది. 2018లో టీఆర్ఎస్‌కు 88 సీట్లు, కాంగ్రెస్‌కు 19, మజ్లిస్‌కు 7 వచ్చాయి. 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండు మంది గులాబీ పార్టీలో విలీనమైపోయారు. ఒకరు అంతకుముందే ఎంపీగా ఢిల్లీ వెళ్ళారు. మిగిలింది ఆరుగురు. ఆరు కన్నా ఏడు ఎక్కువని మనకు బడిలోనే చెప్పారు కదా! కొత్తగా ఒక్క సీటు గెలవకుండానే మజ్లిస్ సభలో రెండో పెద్ద పార్టీ అయి కూర్చుంది. సెప్టెంబరులో ప్రజా పద్దుల సంఘం, అదే పీఏసీ, అధ్యక్ష పదవి అక్బర్ సాబ్‌ను వరించింది.

సర్కారు ఖర్చుల లెక్క ప్రతిపక్షం చూడాలన్నది సంప్రదాయం. పార్లమెంటులో 1967 నుంచీ అదే నడుస్తోంది. మన సభలోనూ అంతకుముందు కాంగ్రెస్ నాయకురాలు గీతారెడ్డి ఆ కుర్చీలో ఉన్నారు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సంప్రదాయం తప్పలేదు, ప్రతిపక్షాన్ని మార్చుకున్నారంతే. మజ్లిస్ మా మిత్రపక్షమని ఎన్నికలప్పుడు బాహాటంగా చెప్పిందీ ఆయనే. వలీమా ఖర్చులో తేడా ఎక్కడుందో చూసిపెట్టమని వియ్యంకుడికే పుస్తకం ఇస్తే ఎలా ఉంటుంది? బిర్యానీ బాగుందంటాడు, ఇంకో గరిటె వెయ్యమంటాడు.

ఇంతకీ ఆ కుర్చీ బొమ్మ కుర్చీ కాదు. కాగ్ నివేదిక ముందు పెట్టుకుని ఏ శాఖ కార్యదర్శినైనా పిలిపించి, ఇచ్చిన డబ్బు ఎందుకు ఖర్చయింది, ఎందుకు ఖర్చు కాలేదు అని నిలదీయవచ్చు. ఈ రెండో ప్రశ్న పాతబస్తీ కోసమే పుట్టినట్టుంటుంది. 2022-23 బడ్జెట్‌లో పాతబస్తీ మెట్రోకు 500 కోట్లు రాశారు. మరుసటి ఏడాది మళ్ళీ 500 కోట్లు రాశారు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఉన్నది అయిదున్నర కిలోమీటర్లు. ఆ సర్కారు దిగిపోయే నాటికి ఆ దారిలో ఒక్క పిల్లరూ లేవలేదు. ఇస్తాంబుల్ చేస్తామని కేసీఆర్ అన్న ఊళ్ళో మ్యాన్‌హోల్ మూత దొరికినా పండగే.

2023 ఫిబ్రవరిలో అక్బర్ సాబ్ అసెంబ్లీలో ఇదంతా గుక్కతిప్పుకోకుండా అడిగారు. మెట్రో ఏది, ఉస్మానియా ఆసుపత్రి ఏది అన్నారు. మంత్రులు కలవరని కూడా మొరపెట్టుకున్నారు. ఏడుగురు సభ్యుల పార్టీకి అంత సమయమా అని మంత్రి కేటీఆర్ దెప్పితే, ఈసారి యాభై చోట్ల పోటీచేస్తాం చూడండన్నారు. (ఆ ఏడాది చివర పోటీచేసింది తొమ్మిది చోట్ల, గెలిచింది మళ్ళీ ఏడు.) పద్దుల కుర్చీ ఎక్కిన మూడేళ్ళకు ఆయనకు మంత్రులు దొరకడం లేదట! పీఏసీ సమావేశం తలుపులు మూసుకుని జరుగుతుంది, అక్కడ కెమెరాలుండవు. సభలో ఉంటాయి. నాయకుల ప్రాధాన్యాలు తెలుసుకోవాలంటే మ్యానిఫెస్టో చదవక్కర్లేదు, కెమెరా ఎటుందో చూస్తే చాలు.

2023 డిసెంబరులో సర్కారు మారింది, కుర్చీల పంపకం మారలేదు. కొత్త దోస్తులు కాంగ్రెస్ వాళ్ళు అక్బర్ సాబ్‌ను ప్రొటెం స్పీకర్ చేశారు. బీజేపీ వాళ్ళు ఆయన ముందు ప్రమాణం చెయ్యబోమని భీష్మించారు. గోషామహల్ రాజాసింగ్‌కు ఇది రెండో విడత. 2019లో చార్మినార్ ఎమ్మెల్యే ముంతాజ్ అహ్మద్ ఖాన్ ప్రొటెం అయినప్పుడూ ఆయనది ఇదే పట్టు. పీఏసీ మాత్రం 2024లో ఆరెకపూడి గాంధీకి వెళ్ళింది. ఆయన బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్సే) బీఫారం మీద గెలిచి, ముఖ్యమంత్రి రేవంత్ చేత కాంగ్రెస్ కండువా కప్పించుకున్న ప్రతిపక్ష సభ్యుడు. కేసీఆర్ మిత్రుణ్ణి ప్రతిపక్షం చేశారు, రేవంత్ ప్రతిపక్షాన్ని మిత్రుణ్ణి చేశారు. ఈ విద్యలో ఎవరు గురువో, ఎవరు శిష్యుడో తేల్చడం కాగ్ వల్ల కూడా కాదు.

మెట్రోకు 2024 మార్చిలో ఫారూక్‌నగర్‌లో రాయి పడింది. గజానికి 81 వేల చొప్పున పరిహారం చెక్కులు మొదలయ్యాయి. దారుల్‌షిఫా నుంచి షాలిబండ దాకా పలుగులు దిగాయి. ముందు సగం పోయి వెనక సగం మిగిలిన దుకాణాలున్నాయి. తెగిన గోడకు పరదా కట్టి బేరం సాగిస్తారు. అంత దుమ్ములోనూ చాయ్ మానరు పాతబస్తీ వాళ్ళు, సాసర్‌తో కప్పు మూసుకుని తాగుతారు.

2024 జూలైలో అక్బర్ సాబ్ సభలో మళ్ళీ మెట్రో మాటెత్తితే, నాలుగేళ్ళలో చాంద్రాయణగుట్టకు రైలు తెస్తానన్నారు ముఖ్యమంత్రి. అంతటితో ఊరుకోలేదు. మీరు కొడంగల్‌లో మా పార్టీ తరఫున నిలబడండి, గెలిపించి డిప్యూటీ సీఎంను చేసి పక్కన కూర్చోబెట్టుకుంటానని వరమిచ్చారు. సభ నవ్వింది. సొంత సీటు తీసి ఎదుటివాడికిస్తానన్న ముఖ్యమంత్రిని మనం ఇంకెక్కడా చూడలేదు. కాకపోతే కొడంగల్ ఓటర్లను ఎవరైనా ఒకమాట అడిగారో లేదో.