నాకు పెట్టిన రెండు చెవులు

నేను నాలుగంగుళాల గేట్ వాల్వ్‌ను. పోత ఇనుము ఒళ్లు, ఇత్తడి స్పిండిల్. హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారిలో, ఒక ఊరి నీళ్ల ట్యాంకు కింద గుంతలో బిగించారు. తెరుచుకోవడం, మూసుకోవడం. అంతే నా పని.

పెనుకొండ నీళ్ల గురించి ఒక శాసనం ఉంది. జలసూత్రం తెలిసిన సింగయభట్టు 1388లో ప్రతాప బుక్కరాయల ఆజ్ఞతో పెన్న నీటిని కాలువ ద్వారా అక్కడికి తెచ్చాడట. ఈ కరువు సీమలో నీళ్లు తెచ్చినవాడి పేరు రాతికెక్కింది. తూము దగ్గర నిలబడి పంచిన నీరుగంటి పేరు ఎక్కలేదు. నన్ను తిప్పే ముసలాయన ఆ నీరుగంటి కోవలోనివాడు.

ఒక వేసవిలో చివరి వీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చారు. "యాడికి పోతాండాయి నాయనా నీళ్లు?" ఆయన దగ్గర జవాబు లేదు. మీటరు కొనే డబ్బూ లేదు. నాకు అటొకటి, ఇటొకటి పైపుకు సన్నని రంధ్రాలు వేయించి, తలకిందులు చేసిన గాజు యూ-గొట్టం తగిలించాడు. గేటు సగం దించితే నీరు ఇరుకులో దూరి ఒత్తిడి పోగొట్టుకుంటుంది. ఎంత పోయిందో గాజులో రెండు మట్టాల తేడా చెబుతుంది. పైపు చివర విప్పి 200 లీటర్ల డ్రమ్ము పెట్టాడు. 40 సెకన్లలో నిండింది. సెకనుకు 5 లీటర్లు, తేడా 4 సెంటీమీటర్లు. తేడా 16కు పెరిగినా నీరు నాలుగింతలు కాదు, రెండింతలే. అదీ లెక్క.

నా దగ్గర 5 లీటర్లు బయలుదేరితే చివరి వీధికి 3 కూడా చేరడం లేదని తేలింది. తవ్వి చూస్తే మధ్యలో జాయింటు పగిలి ఉంది. అది అతికాక ఆ వీధిలో బిందెలు నిండిన చప్పుడు నాకింకా గుర్తు.

ఆయన పోయాక వచ్చినవాళ్లు గాజు గొట్టం పీకేసి, నా చెవులైన ఆ రంధ్రాల్లో చెక్క బిరడాలు దిగ్గొట్టారు. గుంత మూత ఎవరో ఎత్తుకుపోయారు. చెత్త పడింది, బురద నిండింది. స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండు కారుతుంటే గోనెపట్టా చుట్టారు. రెండు మూరల ప్యాకింగ్ తాడు చాలు, ఎవరూ తేలేదు. రాత్రింబవళ్లు కారాను. ఆ కారిన నీటిని కొలిచినవాడు లేడు. ఏళ్ల తరబడి కదలక తుప్పు పట్టిన నన్ను, చక్రానికి ఇనుప పైపు తొడిగి ఒకరోజు మొరటుగా తిప్పారు. స్పిండిల్ విరిగింది.

ఇప్పుడు ధర్మవరంలో పాత ఇనుము కొట్లో ఉన్నాను. పక్క వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. నన్ను కిలోల లెక్కన తూచారు. నా మెడ మీద ముసలాయన తెల్లరంగుతో రాసింది మాత్రం చెరగలేదు: 11 మలుపులు, 4 సెం.మీ., 5 లీటర్లు.