ఉప్పు తక్కువైనా హెచ్‌ఆరే

ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ జనరలిస్టు ఏం చేస్తాడని అడిగితే ఎవరూ సూటిగా జవాబు చెప్పలేరు. లేత్ దగ్గర నిలబడ్డవాడు తీసిన పీసులు లెక్కపెట్టొచ్చు, క్వాలిటీ వాళ్లు వెనక్కి కొట్టినవీ లెక్కపెట్టొచ్చు. హెచ్‌ఆర్ చేతిలో మాత్రం ఫైలు తప్ప ఏమీ కనబడదు. అందుకే అది పనిలేని ఉద్యోగమని షాప్‌ఫ్లోర్ మీద గట్టి నమ్మకం. నేననేది సరిగ్గా దీనికి తలకిందులు: మిగతా శాఖలన్నీ ‘మాది కాదు’ అని వదిలేసిన పనులన్నీ కలిస్తేనే హెచ్‌ఆర్ శాఖ. హద్దుల్లేని పనికి లెక్క దొరకదు, అంతే.

దీనికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సాక్షి. 250 మంది దాటితే క్యాంటీన్ పెట్టమంది, ఎండాకాలం చల్లటి నీళ్లివ్వమంది. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేస్తే వాళ్ల పసిపిల్లలకు గది చూపించమంది. ఉమ్మితొట్లు పెట్టమని, తొట్టి వదిలి ఉమ్మినవాడికి ఐదు రూపాయల దాకా జరిమానా వేయమని కూడా రాసింది. 500 మంది ఉన్నచోట సంక్షేమాధికారి ఉండి తీరాలంది. ఈ జాబితాలో యంత్రం ఊసే లేదు. అంతా దాహం, ఆకలి, ఉమ్మి. ఈమధ్య 29 కేంద్ర కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లలోకి సర్దారు. చట్టాల సంఖ్య తగ్గింది గానీ ఆకలి తగ్గలేదు. సాంబారులో ఉప్పు ఏ కోడ్ కిందికొస్తుందో లాయర్లు తేల్చేలోగా, గిన్నె మాత్రం హెచ్‌ఆర్ బల్ల మీదికొస్తుంది.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకోదా అంటారు కొందరు. హాజరు చూసుకుంటుంది, జీతం లెక్క కూడా కడుతుంది. కానీ పీఎఫ్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, బ్యాంకులో ఒక్క పొడి అక్షరం. తెలుగువాడికి ఆ ముగ్గురూ ఒక్కడే, కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. కూతురి పెళ్లికి పెట్టుకున్న క్లెయిమ్ తిరిగొచ్చినవాడు సర్వర్‌ను నిలదీయడు కదా, హెచ్‌ఆర్ తలుపే తడతాడు.

ఎంత చెప్పినా హెచ్‌ఆర్ యాజమాన్యం మనిషేగా అన్నది అసలైన అభ్యంతరం. జీతమిచ్చేది యాజమాన్యమే, కాదనలేం. గైర్హాజరుకు నోటీసు అంటించినప్పుడు అతను అటువైపే. అదే మనిషి ఓటీకి రెట్టింపు ఇవ్వాలని మేనేజరుకు గుర్తుచేస్తే, ఆ గదిలో యూనియన్ ఏజెంటు అయిపోతాడు. రెండువైపులా తిట్లు పడ్డంత మాత్రాన న్యాయం చేసినట్టు కాదు. ఒకవైపు నుంచే మెప్పు వస్తోందంటే మాత్రం అనుమానించాల్సిందే.

కనుక అతని పనితనం తేల్చడానికి అప్రైజల్ ఫారాలు అనవసరం. సీ షిఫ్టువాళ్లు భోజనం గురించి కాక, జీతం గురించి కాక, టార్గెట్ గురించి మాత్రమే గొడవ పడుతున్నారంటే హెచ్‌ఆర్ బాగా పనిచేస్తున్నట్టే. ఆ గొడవ ప్రొడక్షన్ మేనేజరుది.