శాలువాకు ఉంటాయి, ప్రూఫుకు ఉండవు

సొంత ఖర్చుతో వేసుకున్న తెలుగు పుస్తకం చేతికొస్తే వెంటనే కవితల మీద పడకండి. ముందు అట్ట వెనక పేజీ తిప్పండి. పుస్తకం జాతకమంతా అక్కడే ఉంటుంది. ప్రథమ ముద్రణ ఫలానా నెల, ప్రతులు వెయ్యి, వెల 150 రూపాయలు, ముఖచిత్రం ఫలానావారు, డీటీపీ ఫలానావారు, ముద్రణ ఫలానా ఆఫ్‌సెట్ ప్రింటర్స్. ప్రచురణ సంస్థ పేరు మనవరాలి పేరుకు 'పబ్లికేషన్స్' తగిలిస్తే వచ్చింది. ఆ పాపకింకా అక్షరాభ్యాసం కాలేదు. 'ప్రతులకు' అన్న చోట రచయిత ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ ఏ గుడి పక్కనో కూడా ఉంటాయి. ఇంతమందికి చోటిచ్చిన ఆ పేజీలో ప్రూఫులు దిద్దినవారి పేరు మాత్రం చాలాసార్లు కనబడదు. వేయడం మరిచిపోయారేమో అనుకుంటాం. పన్నెండో పేజీకొచ్చేసరికి అసలలాంటి మనిషే లేడని మనకే తెలిసిపోతుంది.

అడిగితే వచ్చే జవాబు ఒకటే: 'బడ్జెట్ తక్కువండీ.' ఈ మాటను నేను సగం నమ్ముతాను. కవులు, కథకులు ఎక్కువమంది జీతాల మీదా పెన్షన్ల మీదా బతికేవాళ్ళే. పుస్తకం డబ్బు ఇంట్లో ఎవరి నగలకో, ఎవరి ఫీజుకో అడ్డం తగిలి వచ్చిన డబ్బే. నమ్మలేనిది మిగతా సగం. ఆ తక్కువ డబ్బులో కోత ఎక్కడ పడిందో చూడండి: ప్రూఫుల దగ్గర, ఎడిటింగ్ దగ్గర, కాగితం మందం దగ్గర, కుట్టు దగ్గర. అంటే పాఠకుడి కంటికీ చేతికీ తగిలే ప్రతిచోటా. ధారాళం ఎక్కడ కనబడిందో అదీ చూడండి: హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, వడా కాఫీ, వీడియో. వీటిలో ఒక్కటి కూడా పుస్తకం కొన్నవాడి ఇంటిదాకా రాదు. పొదుపంతా పాఠకుడి మీద, దానధర్మాలన్నీ వేదిక మీద. దీనికి తక్కువ బడ్జెట్ అని పేరు పెట్టడం డబ్బుకు అన్యాయం చేయడమే.

లెక్క వేసి చూపించకపోతే ఇది చాడీలా వినిపిస్తుంది. ప్రెస్సువాళ్ళు పుస్తకాన్ని పేజీల్లో లెక్కపెట్టరు, ఫారాల్లో లెక్కపెడతారు. డెమ్మీ కాగితంలో ఎనిమిదో వంతు సైజుకు ఒక ఫారమంటే 16 పేజీలు. 96 పేజీల కవితా సంపుటి ఆరు ఫారాలు. ఇప్పుడు ఆ ఆరు ఫారాల్లో ఏముందో తెరవండి. పెద్దాయన ముందుమాట ఎనిమిది పేజీలు, ప్రొఫెసర్ గారిది ఎనిమిది, మిత్రుడి ఆత్మీయ వాక్యం ఎనిమిది. ఆపైన రచయిత 'నా మాట', కృతజ్ఞతలు, అంకితం, అంకితం పుచ్చుకున్న దంపతుల ఫొటో, కలిపి మరో ఎనిమిది. మొత్తం 32 పేజీలు, రెండు ఫారాలు. కాగితం ఖర్చులోనూ ముద్రణ ఖర్చులోనూ మూడో వంతు మొదటి కవిత మొదలయ్యే లోపే అయిపోయింది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు ముందుమాటగా చలం 'యోగ్యతాపత్రం' 1940లో రాశాడు, పుస్తకం 1950లో వచ్చింది. అప్పుడు ముందుమాట పదేళ్ళు పుస్తకం కోసం కాచుకు కూర్చుంది. ఇప్పుడు పుస్తకాలు మూడో ముందుమాట ఇంకా రాలేదని ప్రెస్సులో కాచుకు కూర్చుంటున్నాయి. నిజంగా డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రచయితకు ఖర్చు తగ్గించే మనిషి ఒకడున్నాడు. వాడు ఎడిటర్. 'ఈ ఇరవై కవితలు తీసేయండి, ఒక్క ముందుమాట ఉంచండి' అని వాడంటే చాలు, రెండు మూడు ఫారాలు మిగులుతాయి. కానీ ఎడిటర్‌కు ఇవ్వడానికి డబ్బుల్లేవు కదా, అందుకని ఆ రెండు మూడు ఫారాలకూ డబ్బులిస్తాం.

ఇక ఆవిష్కరణ. తెలుగులో పుస్తకానికి జన్మతేదీని రచయిత నిర్ణయించడు, ప్రెస్సు నిర్ణయించదు. హాలు నిర్ణయిస్తుంది. హైదరాబాద్‌లో త్యాగరాయ గానసభలోనో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఆదివారం సాయంత్రం ఖాళీ దొరికిందంటే అదే ముహూర్తం. ముఖ్య అతిథి అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళే లోపు కానిచ్చేయాలి. ఆహ్వాన పత్రం వాట్సాప్‌లో తిరిగే నాటికి పుస్తకం ఇంకా డీటీపీలో ఉంటుంది. వెనక్కి జరపలేని తేదీ ముందు కూర్చుంటే, మధ్యలో జరపగలిగింది ప్రూఫు ఒక్కటే; జరిపేస్తారు. బైండింగ్ గమ్ము ఆరని ప్రతులు ఆటోలో హాలు చేరతాయి. సమీక్షకుడు మైకు ముందు నిలబడి 'పుస్తకం నాకు నిన్న రాత్రే అందింది' అని చెప్పి, తర్వాత నలభై నిమిషాలు మాట్లాడతాడు. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, కృతిభర్త, తొలి ప్రతి స్వీకర్త, వ్యాఖ్యాత: ఎనిమిది శాలువాలు, ఎనిమిది జ్ఞాపికలు. అతిథికీ ఆత్మీయ అతిథికీ తేడా ఏమిటో తెలియదు, ఖర్చు మాత్రం ఒకటే. గిఫ్టు కాగితం చుట్టి రిబ్బను కట్టిన పుస్తకం ఆ సాయంత్రానికి ఉత్సవ విగ్రహం. ఊరేగింపు అయ్యాక విగ్రహం ఎవరింట్లో ఉందో పూజారి కూడా అడగడు.

'సభ పెట్టకపోతే పుస్తకం వచ్చిందని ఎవరికి తెలుస్తుంది?' అని రచయితలు అంటారు. ఈ మాటలో బలముంది. పత్రికల్లో సమీక్షలకు చోటు కుంచించుకుపోయింది. చాలా ఊళ్ళలో పుస్తకాల షాపంటే గైడ్లూ నోటుపుస్తకాలూ అమ్మే షాపే. అమ్మే షాపు దొరికినా కమిషన్‌గా వెలలో మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. అయితే సభ ఆ లోటు తీరుస్తుందా? సభకు వచ్చేవాళ్ళెవరు? వేదిక మీదివాళ్ళు, వాళ్ళను దిగబెట్టడానికి వచ్చినవాళ్ళు, బంధువులు, వచ్చే నెలలో తమ పుస్తకం ఆవిష్కరించుకోబోతున్న తోటి కవులు. ఇదంతా చదివింపుల వ్యవహారం. మీ పెళ్ళికి నేను వచ్చాను, మా పెళ్ళికి మీరు రావాలి. పైగా, డబ్బిచ్చి కొనే అవకాశం కాస్తో కూస్తో ఉన్నది ఆ నలుగురే అయితే, గుమ్మం దగ్గర నిలబడి వాళ్ళందరి చేతిలో ఉచితంగా ఒక్కో ప్రతి పెట్టి పంపుతాం. ఉన్న కొనుగోలుదార్లను తుడిచిపెట్టడానికి హాలు అద్దె కట్టే వ్యాపారం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్తలో అతిథుల పేర్లు పదవులతో సహా ఒప్పుగా ఉంటాయి. పుస్తకం పేరు ఒక్కోసారి ఉంటుంది.

వెయ్యి ప్రతుల ముచ్చట మరీ విచిత్రం. 'మూడొందలు వేస్తే కాపీ రేటు ఎక్కువ పడుతుంది, వెయ్యి వేస్తే బాగా తగ్గుతుంది' అని ప్రెస్సువాడు చెబుతాడు. అబద్ధం కాదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు, మిషను సెట్టింగు ఖర్చు మూడొందలకైనా వెయ్యికైనా ఒకటే. ఆపైన పెరిగేది కాగితం, ఇంకు, బైండింగ్. మాటవరసకు మూడొందల ప్రతులు 90 చొప్పున 27 వేలు, వెయ్యి ప్రతులు 50 చొప్పున 50 వేలు అనుకుందాం. ప్రతికి 40 రూపాయలు ఆదా చేశానని రచయిత ఇంట్లో చెప్పుకుంటాడు. చేతి నుంచి మాత్రం 23 వేలు ఎక్కువ పోయాయి. అమ్మినవీ పంచినవీ కలిపి రెండొందలు కదిలితే, కదిలిన ఒక్కో ప్రతికి మొదటి లెక్కలో 135 రూపాయలు పడింది, రెండో లెక్కలో 250. మిగతా ఎనిమిది వందలు మంచం కింద. చెదపురుగుకు కూడా కాపీ రేటు బాగా గిట్టుబాటయింది. ఇప్పుడు ప్లేట్లు లేకుండా డిజిటల్ మిషను మీద ముప్పై ప్రతులు, యాభై ప్రతులు వేసే ప్రెస్సులు పట్టణాల్లోనూ దొరుకుతున్నాయి. అడిగినప్పుడే ఒక్కో ప్రతి వేసిచ్చే పోథీ.కామ్ లాంటివి బెంగళూరులో 2008 నుంచే ఉన్నాయి. ప్రతికి పడేది ఎక్కువే, జేబుకు పడే దెబ్బ చిన్నది. ఇబ్బందల్లా ఒకటే: ముప్పై పుస్తకాల కట్టతో వేదిక నిండదు.

ప్రూఫుల విషయంలో వినిపించే సమాధానాలు రెండు. నేనే చూసుకున్నాను అనేది ఒకటి, కంప్యూటరు చూసుకుంటుంది అనేది రెండోది. రాసినవాడి కన్ను కాగితం మీద ఉన్నది చదవదు, మనసులో ఉన్నది చదువుతుంది. అందుకే తల్లి చేత సొంత బిడ్డకు మార్కులు వేయించరు. కంప్యూటరు సంగతి తెలుగులో ఇంకా దయనీయం. రచయిత ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేస్తాడు, డీటీపీవాళ్ళు చాలాచోట్ల ఇప్పటికీ 'అను' ఫాంట్లలోకి మార్చుకుంటారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. మారిన తర్వాత అది తెలుగని మిషనుకే తెలియదు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఇక తప్పు ఎలా పట్టుకుంటుంది? యూనికోడ్‌లోనే ఉంచినా సంధులూ విభక్తులూ అతుక్కుని ఒక్కో మాట వంద రూపాలెత్తే భాష మనది. పైగా కొన్ని తప్పులు తప్పుల్లా కనబడవు. 'అర్థం'లో ఒత్తు మారితే 'అర్ధం', అంటే సగం. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు చేసుకునేవాళ్ళకు 'పాఠకులకు వందనం' కాస్తా 'పాతకులకు వందనం' కావచ్చు. పాతకులంటే పాపాత్ములు. మాట నిఘంటువులో ఉంది గనుక మిషను దాన్ని పట్టుకోదు. పుస్తకం కొన్నవాడు మాత్రం నిజమే కాబోలు అనుకుంటాడు. దీనికి మనిషి కావాలి. రిటైరైన తెలుగు మాస్టార్లు, పత్రికల్లో సబ్ ఎడిటర్లుగా పనిచేసినవాళ్ళు ఈ పని చేస్తారు. ఆరేడు ఫారాల పుస్తకానికి వాళ్ళు అడిగేది ఎనిమిది శాలువాల, జ్ఞాపికల బిల్లుకు పెద్ద దూరంలో ఉండదు.

'నా డబ్బు, నా పుస్తకం, మధ్యలో మీకేమిటి?' అనే ప్రశ్నా న్యాయమైనదే, అట్ట మీద వెల వేయకపోతే. 150 రూపాయలని అచ్చువేసిన క్షణం నుంచి అది అడిగిన డబ్బు. సొంత ఖర్చుతో వేసుకోవడం చిన్నతనమేమీ కాదు. వీరేశలింగం సొంత ముద్రణాలయం పెట్టుకున్నవాడే. బ్రౌన్ దొర సంగతి చూడండి. కడపలో పండితులను జీతాలిచ్చి పెట్టుకున్నాడు, తాళపత్రాలు సేకరింపజేశాడు, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు పోల్పించి పాఠం సరిచేయించాడు, అందుకోసం అప్పులపాలయ్యాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేయించినవాడు. తెలుగు వాక్యం దిద్దుబాటుకు సొంత డబ్బు ఖర్చు పెట్టినవాడు అతను. వేమనకు శాలువా కప్పించాడని ఎక్కడా లేదు.

తక్కువ బడ్జెట్‌వాళ్ళకు వలేసే ప్రచురణ ప్యాకేజీల గురించి ఒక్క మాట. 'ఐఎస్‌బిఎన్ నంబరుతో సహా' అని గొప్పగా రాసి దానికి డబ్బు గుంజేవాళ్ళున్నారు. ఆ నంబరు కేంద్ర విద్యాశాఖ కిందున్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైనే.

ఇంకో నిజం కూడా ఉంది. పుస్తకం ప్రచురించినవారు 30 రోజుల్లో సొంత ఖర్చుతో నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలని 1954 నాటి చట్టం చెబుతుంది: కోల్‌కతాలో జాతీయ గ్రంథాలయం, చెన్నైలో కన్నెమరా, ముంబైలో ఏషియాటిక్ సొసైటీ కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. వందేళ్ళ తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వెళ్తే దొరికే చోట్లవి. రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ అనే చవక తపాలాను 2024 డిసెంబర్‌లో ఎత్తేసినప్పుడు పోస్టు ఖర్చు పెరిగిన మాట వాస్తవం. అయినా రాష్ట్రమంతటా తోటి కవులకు ఉచిత ప్రతులు వెళ్తూనే ఉన్నాయి. వాళ్ళు అందినట్టు ఫొటో పెట్టి, తెరవకుండా బీరువాలో పెడతారు. చట్టం అడిగిన నాలుగు మాత్రం మంచం కింద ఉండిపోతాయి.

రచయితలకు ఇంతకంటే చెప్పడానికి నాకు నోరు రాదు. వాళ్ళు పెట్టింది వాళ్ళ కష్టార్జితం. కాబట్టి పాఠకులకే ఒక మనవి. ఈసారి ఎవరైనా 'ఆత్మీయంగా' అని సంతకం చేసి పుస్తకం చేతిలో పెడితే, అట్ట వెనక వెల చూసి ఆ డబ్బు అక్కడే ఇవ్వండి. వద్దంటారు, మొహమాటపడతారు, చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఫోన్‌పే నంబరు ఆ పేజీలోనే ఉంది, 'ప్రతులకు' అన్న చోట.