మరమ్మతుకైతే దారి ఇస్తారట!

యాభై ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయలు కట్టి వింటేజ్‌గా నమోదు చేయించుకుంటే, రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదని 2021 నాటి కేంద్ర నిబంధన. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రం తీసుకెళ్లొచ్చు. ఇది అన్యాయమనేవాళ్లున్నారు. పాత జావా మోటార్‌సైకిల్ కొన్నవాడి మొదటి నెల చూస్తే మాత్రం నిబంధన రాసినవారి ముందుచూపు తెలుస్తుంది: ఆ బండి ఎటూ మెకానిక్ దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ కదలదు. అందులో కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా. స్టార్ట్ కాకపోయినా రెండు పనులు చేసినంత ఆయాసం దక్కుతుంది. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి కదా, ఆ పొగ చూసి మున్సిపాలిటీ వాళ్లు దోమల మందు కొడుతున్నారనుకుని వీధంతా కిటికీలు మూసుకుంటుంది.

మరెందుకు కొన్నట్టని ఇంట్లోవాళ్ల నిలదీత. సమాధానం లేకేం? జావాలు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది గనుక ఒక్క విడిభాగం దొరికినా ఇంటిల్లిపాదికీ పండగే. షోరూం బండి కొన్నవాడికి ఆ యోగమేదీ? పైగా మెకానిక్ దగ్గరికి వెళ్తూ సిగ్నల్‌లో ఆగిపోతే నలుగురు పెద్దాయనలు చుట్టూ చేరి, తమ పెళ్లినాటి బండి ముచ్చట్లు చెబుతూ తోసిపెడతారు. సాఫీగా నడిచిపోయే బండిని పలకరించేదెవరు?